ఇంటూ మార్కు కార్డు

“గుహ కప్పు పెటపెటమంటున్నది. మీదికెల్లి మట్టి రాలుతున్నది. ఏం చేస్తవ్ సిద్ధూ? ఉరుకుతవా, ఆగుతవా?” అన్నాడు సాద్, గొంతు తగ్గించి.

వంటింటి గడప దగ్గర స్టీలు గిన్నెలు గోనెసంచిలో సర్దుతున్న సిద్ధు తల్లి నాగవ్వ చేతులు ఆగిపోయాయి.

సాద్ చెల్లెలు కైనాత్ అది చూసింది. చటుక్కున చాప మధ్యలో ఉన్న అట్టముక్క మీద వేలు పెట్టింది. దాని మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో పెద్ద ఇంటూ మార్కు గీసి ఉంది.

సాద్ నాలుక కరుచుకున్నాడు. “సరే. గుహ లేదు, కప్పు లేదు. మీరు అడవిల నడుస్తున్నరు.”

శ్రీరాంపూర్ బొగ్గుబాయిలో కప్పు కూలి చనిపోయిన మొండయ్య ఇంట్లో కూర్చుని, కప్పు కూలే ఆట ఆడటం! బుద్ధుండాలి కదా. సాద్‌కు బుద్ధి లేక కాదు, ఆటలో పడితే ఒళ్లు తెలియదు. మొండయ్య కొడుకు సిద్ధుకు మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. బాపు పోయిన దగ్గర్నుంచి వాడికి ఏదీ అంటడం లేదు. అన్నం రుచి తెలియదు, ఏడుపు రాదు.

వాడికి మిగిలిన పనల్లా ఒకటే. రేపు ఫస్ట్ షిఫ్టుకు బాయిలో దిగుతున్నానని ఇవాళ అవ్వకు చెప్పాలి. మొండయ్య పోయిన కొత్తలో ఎవరు ఏ కాయితం చూపించి ఎక్కడ వేలు పెట్టమంటే అక్కడ పెట్టింది నాగవ్వ. అట్లా బాపు ఉద్యోగం సిద్ధు పేరు మీదికి వచ్చింది. తేరుకున్నాక మాత్రం, బాయి దిక్కు పోనని కొండగట్టు అంజన్న ముందర కొడుకుతో ఒట్టు పెట్టించుకుంది. ఉద్యోగం వద్దంటే కంపెనీ క్వార్టర్ ఖాళీ చేయాలి, ఎక్కడికి పోతారు? మంచిర్యాలలో కంప్యూటర్ నేర్చుకుంటున్నానని చెప్పి సిద్ధు ట్రైనింగ్ కూడా ముగించాడు. కంపెనీ ఇచ్చిన కొత్త బూట్లు పాత దుప్పటిలో చుట్టి మంచం కిందికి తోశాడు.

“నోటితోని చెప్పరాకుంటే ఆటల చెప్పరా,” అని సాద్ ఈ ఆట పట్టుకొచ్చాడు. చిన్నప్పుడు పక్క క్వార్టర్ వాళ్లే, ఇప్పుడు కరీంనగర్‌లో జిరాక్స్ దుకాణం. ఎవరో బెంగళూరు పిల్ల ఇంట్లో కూర్చుని రాసి నెట్‌లో పెట్టిన ఆటట. నాలుగు కాయితాలు, ఒక పాచిక, అంతే. ఎవరికి వాళ్లు ఒక మనిషిని పుట్టించుకోవాలి, వాడేం చేస్తాడో చెప్పాలి. తర్వాత వాడి గతి ఏమిటో పాచిక చెబుతుంది.

నాగవ్వ సంచి మూతి కట్టేసి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి చాప మీద కూలబడింది.

“గిదేం ఆటరా? గవ్వలు లెవ్వు, గడులు లెవ్వు. ఉత్త ముచ్చట్లేనాయె! గీ పిల్ల అట్ట ముట్టంగనే గా గుహ యాడికి పోయింది?”

“గది ఇంటూ మార్కు కార్డు, చిన్నమ్మా,” అన్నాడు సాద్. “ఎవలకన్న మనసుకు కష్టమైతే దాని మీద వేలు పెట్టాలె. గంతే. చెప్పింది చెప్పనట్టే, అయింది కానట్టే.”

“ఎందుకని అడుగరా?”

“అడుగొద్దు. గదే రూలు.”

నాగవ్వ ఆ అట్టముక్కను చాలాసేపు చూసింది. “జర నన్ను గూడ ఆడనీయుండ్రి.”

కైనాత్ సంబరంగా కాయితం, పెన్ను తీసింది. “నీ మనిషి సంగతి చెప్పు చిన్నమ్మా. ఏం పని చేస్తడు?”

“బాయి పని.”

అన్నాచెల్లెళ్లు ముఖాలు చూసుకున్నారు. పాపం, పోయిన మనిషిని లేపుతోంది, అనుకున్నారు. సిద్ధు తల దించుకున్నాడు.

“ఎసొంటోడు?”

“మంచోడు. కడుపుల ఉన్నది బయటపెట్టడు.”

“దేనికి భయపడ్తడు?”

“చీకటికి.”

బాపుకు చీకటంటే భయమా? బాయిలోనే తల నెరిసిన మనిషికి? ఏమో, భార్యకు మాత్రమే తెలిసిన భయాలు కూడా ఉంటాయేమో అనుకున్నాడు సిద్ధు.

“ఇల్లెక్కడ?”

“సుల్తానాబాద్ల, మా అన్న ఇంటి పక్కపొంటి. అంత వరి పొలాలే. ఆడ ఏ పనైనా భూమి మీదనే.”

చచ్చి కూడా బాపుకు ఇల్లరికం తప్పలేదు. నవ్వు రావాల్సిన మాటే. సిద్ధుకు రాలేదు.

“ఇప్పుడేం చేస్తడు, చిన్నమ్మా?” అన్నాడు సాద్.

“పొద్దుగాల డ్యూటీకి పోతడు. మర్లొస్తడా లేదా, గది నువ్వు చెప్పాలె.”

“గది పాచిక చెప్తది. వద్దులే చిన్నమ్మా, ఇంకోటేదన్న...”

“ఎయ్యనీ.”

పాచిక స్టీలు పళ్లెంలో గలగలా దొర్లి ఆగింది. ఒకటి.

సాద్ గబుక్కున పాచిక తీసి గుప్పిట్లో దాచాడు. ఒకటి పడితే ఏమవుతుందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. వాళ్ల ముఖాలు చూస్తే తెలుస్తూనే ఉంది.

నాగవ్వ చెయ్యి చాచి కార్డు మీద వేలు పెట్టింది. అప్పుడు కాయితాల మీద పెట్టినట్టు కాదు, ఈసారి ఎవరూ పెట్టమనలేదు.

“అయింది కానట్టే,” అన్నాడు సాద్. “ఎవ్వలం ఏం అడుగం.”

సిద్ధుకు ఏడుపు ముంచుకొచ్చింది. ఇన్ని రోజులకు మొదటిసారి. చెప్పాలి, ఇప్పుడే చెప్పేయాలి. “అవ్వా...” అన్నాడు.

కైనాత్ కళ్లు తుడుచుకుని కాయితం దగ్గరికి లాక్కుంది. “పేరు రాసుడు మర్చిన చిన్నమ్మా. మొండయ్య చిన్నాయన పేరే రాయాల్నా?”

నాగవ్వ కార్డు మీది వేలు తియ్యలేదు.

“పోయినోని పేరెందుకు బిడ్డా? సిద్ధు అని రాయి. పొద్దుగాల మంచం కింది బూట్లు వాపస్ ఇచ్చొస్తడు.”