ఇనుములాంటి ఒళ్ళు

"వాణ్ణి మళ్ళీ మునుపటిలా చేసెయ్యండి గురువుగారూ!" అంటూ నబె గుమ్మంలోనే కూలబడింది.

పెరట్లో ఆమె కొడుకు సెయిజిన్ కర్రకు బిగించిన రాతిబరువును గిరగిరా తిప్పుతున్నాడు. నాహా పట్నంలో కరాటే నేర్చేవాళ్ళకు తొలి పాఠం అదే.

"ఏమైందమ్మా?" అన్నాడు ఇరెయి గురువు.

"సైన్యం వాళ్ళ పరీక్షలో వీడు మొదటి తరగతట. ఎల్లుండే ఓడెక్కాలి. అమెరికా వాళ్ళ మీదికి పోయిన ఓడ ఒక్కటైనా తిరిగొచ్చిందా? పక్కింటి కుర్రాడు పీలగా ఉన్నాడని ఇంటికి పంపేశారు."

గురువు పెరట్లోకి చూశాడు. ఒకప్పుడు ఉబ్బసంతో ఎగరొప్పుతున్న పసివాణ్ణి ఆమె వీపున మోసుకొచ్చి, బతికితే చాలని ఏడ్చింది. ఇసుక నింపిన జాడీలు మోయించి ఆ ఒంటిని ఇనుము చేసింది ఆయనే.

"పోనీ, చెయ్యి విరిచెయ్యండి. ఎక్కడ కొడితే విరుగుతుందో మీకు తెలుసుగా!"

"కావాలని చేశామని తెలిస్తే వాణ్ణి జైల్లో పెడతారమ్మా."

"జైల్లో బతికుంటాడుగా!"

అంతలో సెయిజిన్ చెమటలు కక్కుతూ, నవ్వుతూ వచ్చాడు. "గురువుగారూ! డాక్టరు నా ఛాతీ చరిచి, ఇలాంటి ఒళ్ళు ఎవడు తయారుచేశాడ్రా అన్నాడు. మీ పేరు చెప్పాను!"

గురువు అతని మణికట్టు పట్టుకున్నాడు. ఒక్క దెబ్బ చాలు. కానీ ఆ చెయ్యి నమ్మకంగా, మెత్తగా ఆయన గుప్పిట్లో ఒదిగిపోయింది. వదిలేశాడు.

నబె వైపు తిరిగి, నేలకు నుదురు ఆనించాడు.

"మీరు లేవండి," అందామె. "వాణ్ణి మీ దగ్గరికి తీసుకొచ్చింది నేనే కదా!"