గుమ్మడి గింజల దీక్ష

"అన్నయ్యగారూ, ఆయన బాత్రూంలోకి వెళ్ళారు. పావుగంటకి గానీ రారు. గబగబా రండి!"

ప్రభావతి పిట్టగోడ మీంచి పిలిచేసరికి పక్కింటి కాంతారావు చేతిలో పేపరు పక్కన పడేసి వచ్చాడు. వంటింటి గుమ్మంలో గుమ్మడికాయ, పక్కన కత్తి సిద్ధంగా ఉన్నాయి.

"మొదటి దెబ్బ మగవాళ్ళే వెయ్యాలిగా, ఆ వంకతో పిలిచాను. అసలు సంగతి వేరు," అంది ప్రభావతి గొంతు తగ్గించి. "మీ బావగారికి ప్రొస్టేటు దగ్గరేదో తేడా ఉందట. బెజవాడ వెళ్ళి ముక్క తీసి చేసే పరీక్ష చేయించుకోమని డాక్టరు చెప్పి రెండు నెలలు దాటింది. ఈయనేమో వారపత్రికలో చదివి, గుమ్మడి గింజలూ టమాటాలూ సోయా చిక్కుళ్ళూ మండలం రోజులు తింటే చాలంటారు. ఆ మండలం అయిపోయింది. ఇప్పుడు రెండో మండలం!"

"తింటే మంచిదేగా చెల్లెమ్మా?"

"మంచిదే. డాక్టరూ తినమన్నాడు. పరీక్ష మానెయ్యమనలేదుగా! నాకు గుండెల్లో దడగా ఉంది అన్నయ్యగారూ. మీక్కూడా అదే జబ్బని ఒక్క అబద్ధం ఆడండి. తోడు దొరికితే కదులుతారు."

కాంతారావు ఆమె వంక ఒక్క క్షణం చూసి, కత్తి అందుకున్నాడు.

కాయ రెండు చెక్కలయ్యేసరికి బాత్రూం తలుపు తెరుచుకుంది.

"ఊళ్ళో వాళ్ళందర్నీ పిలిచావా?" శోభనాద్రి మొహం మాడ్చాడు.

"మీరొచ్చేదాకా గుమ్మడికాయ ఆగుతుందేమో గానీ, పొయ్యి మీద పప్పు ఆగదండీ!"

"గింజల కోసమేగా బావగారూ," అన్నాడు కాంతారావు. "నేనూ ఆర్నెల్లు తిన్నాను. రక్తపరీక్షలో అంకె తగ్గలేదు సరికదా, పెరిగింది. పరీక్షకి వెళ్దామంటే భయం. ఇంట్లో చెబుదామంటే సిగ్గు. పొద్దున్నే పేపరు తీసి, పోయినవాళ్ళ వయసులు చూసుకుంటూ కూర్చుంటున్నాను."

ప్రభావతి బిత్తరపోయింది. ఒక్క అబద్ధం అడిగితే ఈయన హరికథ మొదలుపెట్టాడు. పైగా కళ్ళల్లో నీళ్ళు కూడాను! మరీ ఎక్కువై మొదటికే మోసం వస్తుందేమోనని ఆమె కొంగు నలుపుకుంది.

శోభనాద్రి కుర్చీలో కూలబడ్డాడు.

"నేనూ ఆ వయసులే చూస్తున్నాను బావా. ఎవరితో అనలేక..." కాంతారావు వైపు తిరిగాడు. "సోమవారం పొద్దున బస్సుకి పోదామా, ఇద్దరం?"

"పోదాం."

ప్రభావతికి ప్రాణం లేచొచ్చింది. సాగనంపే నెపంతో గేటు దాకా వెళ్ళి గుసగుసగా అంది:

"మీ రుణం తీర్చుకోలేను అన్నయ్యగారూ. ఎంత బాగా నటించారండీ! నేనే నమ్మేశాను."

కాంతారావు గేటు గడియ పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"నటించడం నా వల్ల కాలేదు చెల్లెమ్మా. ఈ సంగతి మా ఆవిడకి నువ్వే ఎలాగోలా చెప్పిపెట్టు."