దిగేటప్పుడే నొప్పి

"తమ్మీ, లే. విమానం దిగుతుంది."

పక్క సీటు ముసలాయన భుజం పట్టి కుదిపాడు.

ధర్మా విసుగ్గా కళ్లు తెరిచాడు. మస్కట్‌లో మూడేళ్లు పని చేసి ఇంటికి వస్తున్నాడు. నాలుగు రోజులుగా విడవని జలుబు. ఇప్పుడిప్పుడే కన్ను మూతబడింది.

"నేను పండుకుంటే నీకేం నొచ్చింది?"

"జలుబు మీద పండుకోవద్దు తమ్మీ. నీళ్లు తాగుకుంట ఉండు. ఉమ్మి మింగుకుంట ఉండు. లేకుంటె..."

"నీ పని నువ్వు చూస్కో."

ధర్మా మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

కాసేపటికి ఎడమ కనుబొమ్మ మీద సన్నగా మొదలైన నొప్పి ఒక్కసారిగా పెరిగిపోయింది. ఎముకను లోపలి నుంచి ఎవరో చీలుస్తున్నట్టు. కన్ను ఊడి పడిపోతుందేమో అనిపించింది.

"యాడీ!"

నొప్పిలో నోటికి వచ్చింది తండా మాటే. అమ్మా అని. ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగి చూశారు.

ముసలాయన జేబులోంచి మందు సీసా తీశాడు. ధర్మా తల వెనక్కి వంచి ముక్కులో రెండేసి చుక్కలు వేశాడు. నుదుటి మీద అరచెయ్యి అదిమి పట్టుకున్నాడు.

"నెత్తి బొక్కలల్ల గాలి ఉంటదట. జలుబు చేస్తే దాని తొవ్వ మూసుకపోతది. కిందికి దిగినకొద్ది బయటి గాలి బరువైతది, లోపటిది గుంజుతది. ఎక్కేటప్పుడు ఏం తెల్వది. దిగేటప్పుడే నొప్పి."

చక్రాలు నేలను తాకేసరికి నొప్పి సగానికి తగ్గింది. ముక్కులోంచి కొద్దిగా నెత్తురు వచ్చింది. ముసలాయన తుడుచుకోవడానికి కాగితం అందించాడు.

"నీకెట్ల ఎరుక గివన్ని?"

"ఇది తొమ్మిదోసారి వచ్చుడు. మొదటిసారి నేను గూడ గిట్లనే మొత్తుకున్న."

తొమ్మిదిసార్లు!

ధర్మా ముఖం మారిపోయింది. అన్నిసార్లు తిరిగేవాళ్లు ఎవరో అతనికి తెలుసు. డ్రైవరు పని అని తనను తీసుకుపోయి, ఎడారిలో మేకల దొడ్డి దగ్గర వదిలేసిన ఏజెంటు కూడా ఇంత ప్రేమగానే మాట్లాడాడు.

"యాడీ అంటివి. మీది బాన్సువాడ దిక్కు తండానా తమ్మీ?"

"ఎందుకు?"

"గా దిక్కే పోవాలె నేను. ఒక తల్లికి ఒక మాట చెప్పేదుంది. ఆమెకు తెలుగు మంచిగ రాదట. నువ్వు జర తోడొస్తే..."

"ఏం మాట?"

ముసలాయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "గిక్కడ చెప్పేది కాదు. బయటికొచ్చినంక చెప్త."

ఏజెంటు కూడా అచ్చం ఇలాగే అనేవాడు.

"నాది బాన్సువాడ కాదు," అన్నాడు ధర్మా. బ్యాగు తీసుకుని వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

బాన్సువాడ బస్సు ఎక్కగానే అక్క మొగుడు ఫూల్‌సింగ్‌కు ఫోన్ చేశాడు.

"బావా, మన తండాల దిక్కు ఒక ఏజెంటు వస్తుండు. ముసలోడు. తెల్లంగి, నున్నటి గుండు. తల్లులను పట్టుకొని పిలగాండ్లను గుంజుకపోతందుకే వస్తుండు. అందరికి చెప్పు."

"రానీ. చెప్తం వాని సంగతి," అన్నాడు ఫూల్‌సింగ్.

బస్సు దిగేసరికి నుదురు మళ్లీ పగిలిపోతోంది. ధర్మా ఇంటికి పోకుండా నేరుగా దవాఖానకు వెళ్లాడు.

"జలుబుతో విమానం ఎక్కితే ఇట్లనే ఉంటది," అన్నాడు డాక్టరు. "ఎవరో టైముకు చుక్కలు వేసిన్రు కాబట్టి తక్కువల పోయింది."

సూది వేసి సాయంత్రం దాకా అక్కడే పడుకోమన్నాడు.

నాలుగింటికి ఫోన్ మోగింది.

"దొరికిండు ధర్మా! ఒక్కడే నడుచుకుంట వచ్చిండు. భీమ్లి ఇల్లేది అని అడుగుతుండు. నోరు తెరవనియ్యలే. మంచిగ ఇచ్చినం!"

ధర్మాకు కడుపు చల్లబడింది. మూడేళ్ల మంట అది. మంచం మీద అటు తిరిగి హాయిగా నిద్రపోయాడు.

లేచి బయటికి వచ్చేసరికి గేటు దగ్గర అంబులెన్సు ఆగి ఉంది. డ్రైవరు నల్లా కింద చేతులకు ఎండిపోయిన నెత్తురు కడుక్కుంటున్నాడు.

"ఏమైందన్నా? యాక్సిడెంటా?"

"యాక్సిడెంటైనా బాగుండు." డ్రైవరు తల ఎత్తలేదు. "మస్కట్ నుంచి విమానంల వచ్చిన శవం పెట్టె తెచ్చినం. భీమ్లి అనేటామె కొడుకు, జేత్యా. వాళ్లన్న షోలాపూర్‌ల ఉంటడట. కాయిదాల మీద సంతకం పెట్టిండు గని, తల్లికి చెప్పే ధైర్యం చాలలేదట."

ధర్మా గేటు పట్టుకున్నాడు.

"పెట్టె కండ్లపడకముందే తల్లికి మాట చెప్పాలె అన్నడు పెట్టె వెంట వచ్చిన పెద్దాయన. బండిని రోడ్డు మీదనే ఆపిచ్చి ఒక్కడే నడుచుకుంట పోయిండు. ఏజెంటు వస్తుండని ఎవడో ఫోన్ చేసిండట. నెత్తి పలగ్గొట్టిన్రు. లొల్లి ఇని నేను బండి లోపటికి తోలిన. ఇగ ఆయన చెప్పేదేంది? ఆమె పెట్టెనే చూసింది."

"ఆయన... ఏడున్నడిప్పుడు?"

"ఈడనే ఆరు కుట్లు పడ్డయి. ఎల్లుండికి మస్కట్‌ల డ్యూటీల ఉండాలె అన్నడు. నేనే బస్సెక్కించి వచ్చిన."

ధర్మా బస్టాండు వైపు రెండడుగులు వేసి ఆగిపోయాడు. పరుగెత్తినా అందదు. అందినా ఏ ముఖం పెట్టుకుని ఎదురుగా నిలబడాలి?

"జేత్యాకు ఏమైతడన్నా ఆయన?"

"ఏం కాడు. బతికుండంగ మొకం గూడ చూడలేదట." డ్రైవరు చేతులు విదిలించి బండి తలుపు తీశాడు. "ఆయన కొడుకు గూడ అక్కడనే సచ్చిపోయిండట. తోలుకొచ్చేటోడు లేక గాడనే బొందపెట్టిన్రట. అప్పటిసంది, ఎవలి కొడుకైనా సరే, ఒక్కడే రావద్దని ఆయన తోడొస్తడు."