జవాబు కార్డు

ఉదయపు టీవీ వార్తల్లో రాహుకాలం చెప్పడం మానేయమని టీవీ వాళ్లకు పదిహేడు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. పద్దెనిమిదోసారి జవాబు కార్డు కొన్నాను. అది జంట కార్డు: ఒక సగంలో మనం రాస్తాం; ఖాళీగా ఉన్న రెండో సగాన్ని వాళ్లు చించి, జవాబు రాసి పంపాలి.

"మీ కార్డుల మీద పకోడీలు పెట్టుకోని తింటా ఉంటారు," అంది నా భార్య పద్మాక్షి.

మొదటి తపాలాకు అందాలని తెల్లవారుజామునే బయలుదేరాను. చిత్తూరులో కరెంటు లేదు. వీధిలో నా చెప్పుల చప్పుడు తప్ప మరేదీ వినిపించలేదు. పెట్టెలో వేసేముందు టార్చి వెలుగులో చిరునామా సరిచూశాను. ఖాళీగా ఉండవలసిన సగంలో ఎవరో రాసి ఉన్నారు.

"యతిరాజులు గారికి, మీ వాదన సమంజసం. రేపటి నుంచి రాహుకాలం చెప్పము."

సిరా నా బొటనవేలికి అంటింది. దస్తూరీ నాది కాదు, పద్మాక్షిదీ కాదు. నా సగం రాసి పెట్టుకున్నాక కార్డు నా జేబు దాటలేదు. కారణం తరువాత వెతకవచ్చు, ముందు గెలిచాను! ఈ వయసులో పరుగెత్తి ఇల్లు చేరి, ఆమెను లేపాను.

ఆమె లాంతరు వెలుగులో చదివి చప్పట్లు కొట్టింది. "అబ్బా, సాధించినారు! ఇంతకీ ఉత్తరం ఎప్పుడు ఏసినారు?"

"ఇంకా వేయలేదు."

"అయితే బిరీన పొయ్యి ఏసి రాండి. మీ ఉత్తరం అందకుంటే పాపం వాళ్లు జవాబు ఎట్టా రాస్తారు?"

నవ్వుతూనే నన్ను చీకట్లోకి పంపింది. ఆమె తర్కంలో లోపమెక్కడుందో దారి పొడుగునా వెతికాను. దొరకలేదు.