చూడకూడని బిడ్డ

మెట్లు దిగుతున్నంతసేపూ సింధూజ తనకు తాను ఒకటే మాట చెప్పుకుంది. ఆ బిడ్డను చూడకూడదు.

భుజం మీద తన కూతురు వెచ్చగా నిద్రపోతోంది. చేతిలో ఎండుకొబ్బరి కుడుకలూ చక్కెరా పెట్టిన స్టీలు డబ్బా. కింది అంతస్తు నుంచి నవ్వులూ అల్లం వాసనా కలిసి పైకి వస్తున్నాయి.

పరాయి దేశంలో, అల్ ఖువైర్‌లోని ఆ పాత బిల్డింగుకు వాళ్లు వచ్చి ఏడాది కాలేదు. భర్త భూమేశ్ ఏసీలు బిగించే కంపెనీలో ఫోర్‌మన్. ఒక్కోసారి దూరాన ఉన్న బర్కా ఊరి దాకా డ్యూటీ పడుతుంది. పగలంతా ఇంట్లో సింధూజ, ఆమె భయాలు. బిడ్డ తుమ్మితే భయం. తుమ్మకపోతే భయం. తొమ్మిదో తరగతిలోనే బడి మాన్పించారు, చదువుకుని ఉంటే ఇన్ని భయాలు ఉండేవి కావేమో అని ఆమె అనేది. చదువుకున్నోళ్లకు ఇంకా ఎక్కువుంటాయిలే అని భూమేశ్ అనేవాడు.

కింది అంతస్తులో ఉండే చైనా ఆవిడ పేరు లీ. దగ్గర్లోనే సామాన్ల షాపు నడుపుతుంది. సింధూజ కడుపుతో ఉన్నప్పుడు మెట్ల మీద ఎదురుపడేది. ఆమెదీ నిండు పొట్టే. ఇద్దరూ రెయిలింగు పట్టుకుని ఆయాసపడుతూ, ఒకరినొకరు చూసి నవ్వుకునేవారు.

సింధూజ కాన్పయి ఇంటికి వచ్చిన మర్నాడే లీ తలుపు కొట్టింది. చేతిలో గిన్నె. అల్లం దంచి వేసిన కోడి పులుసు. చల్లనీళ్లు ముట్టుకోవద్దనీ, తలకు గుడ్డ కట్టుకోమనీ వచ్చీరాని హిందీలో చెప్పింది. అచ్చం అమ్మ చెప్పినట్టే. అది మొదలు రోజూ ఏదో ఒకటి వండి తెచ్చేది. బాలింత అయ్యుండీ మెట్లెక్కి వస్తోందే అని సింధూజ నొచ్చుకునేది. తనకూ పొట్ట తగ్గలేదు, పాపం ఆమెకూ తగ్గలేదు.

మొన్న వచ్చినప్పుడు పులుసు బదులు ఎర్రరంగు పూసిన కోడిగుడ్లు తెచ్చింది. సింధూజ ఒక అడుగు వెనక్కి వేసింది. గడపలోకి ఎర్రగుడ్డు వస్తే చేతబడేనని వాళ్ల ఊళ్లో ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. లీ ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"బేబీ ఏక్ మహీనా పూరా. జుమ్మా కో పార్టీ. తుమ్ ఆనా, బేబీ లానా." బిడ్డకు నెల నిండింది, శుక్రవారం పార్టీ, బిడ్డను తీసుకుని రమ్మంటోందని సింధూజకు అర్థమైంది.

పై అంతస్తులో ఉండే రషీదున్నీసాను అడిగితే అసలు సంగతి తెలిసింది. ఆమెది కోరుట్ల. ఈ దేశంలో తలపండిన మనిషి. చైనావాళ్లలో బిడ్డకు నెల నిండితే పెద్ద పండుగట. ఎర్రగుడ్లు శుభమట. బిల్డింగులో అందరికీ పంచిందట.

భయం పోయింది గానీ, ఆ పూట సింధూజకు అన్నం సహించలేదు. తన కూతురికి తొట్టెల పండుగే జరగలేదు. తల్లి గౌరవ్వకు వీసా ఆలస్యమైంది. తొట్టెల కట్టేవాళ్లు లేరు, పేరు పెట్టే మేనత్త లేదు. బిడ్డను ఇప్పటికీ చిన్నీ అనే పిలుస్తున్నారు. ఇంకొకరి బిడ్డకు పండుగ అనేసరికి కడుపులో ఏదో చురుక్కుమంది. ఆ చురుకుకే ఆమె భయపడింది. నరుడి కంటికి నల్లరాళ్లయినా పగులుతాయంటారు. నెల రోజులు వండిపెట్టిన మనిషి బిడ్డకు తన కన్నే తగిలితే?

తాను రానని లీకి చెప్పమని భూమేశ్‌కు ఫోన్ చేసింది.

"పోకుంటె బాగుంటదా? నేను గూడ డ్యూటీ దిగి సక్కగ ఆడికే వస్త," అన్నాడతను.

"నా కన్ను మంచిగ లేదు."

"అయితె మూసుకొని తిను."

అందుకే ఈ ఒట్టు.

లీ ఇంటి నిండా ఎర్ర కాగితాలు, మనుషులు. భూమేశ్ ఇంకా డ్యూటీ నుంచి రాలేదు. సింధూజ తల వంచుకునే లోపలికి నడిచింది. లీ ఎదురొచ్చి డబ్బా అందుకుని, గది నడిమధ్యన వేసిన మంచి కుర్చీ చూపించింది. సింధూజ వద్దని తలూపి, వెళ్లి మూలన కూర్చుంది. నేల చూసింది. జనం కాళ్లు చూసింది. ఎక్కడా ఏడుపు వినబడలేదు. ఎంత బుద్ధిగల బిడ్డో అనుకుంది. అలా మెచ్చుకోవడం కూడా దిష్టేనని వెంటనే నాలుక కరుచుకుంది.

వచ్చినవాళ్లు ఒక్కొక్కరే ఆమె దగ్గరికి రావడం మొదలుపెట్టారు. ఒకరు చిన్నీ బుగ్గ తాకారు. ఒకరు ఒళ్లో ఎర్రగుడ్డు పెట్టారు. పండుగ ఒకరిది, ముద్దులు ఇంకొకరికా? ఇంటావిడ ఏమనుకుంటుంది? బిడ్డ మీద కొంగు కప్పింది. ఎవరో మెల్లగా కొంగు తీశారు. మళ్లీ కప్పింది. మళ్లీ తీశారు.

చివరికి లీ వచ్చి, రెండు చేతులూ చాచి ఎదురుగా నిలబడింది. పక్కనే రషీదున్నీసా, సగం తిన్న గుడ్డుతో. గదంతా ఇటే చూస్తోంది.

ఇక దాచుకోవడం సింధూజ వల్ల కాలేదు. రషీదున్నీసా వైపు తిరిగింది.

"ఆపా, ఆమెకు జెర నువ్వే చెప్పు. ఆమె బిడ్డ సల్లగుండాలె. నూరేండ్లు బతకాలె. నేనైతె సూడ. నా బిడ్డకు తొట్టెల గాలె, పేరు గాలె. నాకు ఆశ పుట్టింది. ఆశ వడ్డ కన్ను ఊకెనే తగుల్తది."

రషీదున్నీసా నమలడం ఆపేసింది. సింధూజ ముఖం చూసింది. లీ ముఖం చూసింది. లీ చెవిలో హిందీలో ఏదో చెప్పింది. లీ కళ్లు ఇంతింత చేసుకుంది.

"ఓ పిచ్చిపిల్లా," అంది రషీదున్నీసా గుడ్డు మింగి, "ఆమెకున్నది ఒక్కడే కొడుకు, వానికి మీసాలొచ్చినయి, ఇగ చిన్నీకేం పేరో చెప్పు, ఈ దావతంత నీ బిడ్డదే."