చింతగింజ పాదాలు

"ఆ మూడో బొమ్మను తీసెయ్ అక్కా," అంది సుశీలాబాయి.

నళిని తలెత్తలేదు. చింతగింజను రెండు బద్దలు చేసి, తెల్లవైపు కిందికి వచ్చేలా ఆ బొమ్మ కాళ్ళకు అతికిస్తోంది.

"తియ్య. పెండ్లికొడుకు, పెండ్లిపిల్ల ఉన్నంక బిడ్డ ఎక్కడికి పోతది?"

గది నిండా సుశీలాబాయి కూతురు శ్రద్ధ పెళ్ళికి పెట్టే రుఖవత్ పరిచి ఉంది. పెళ్ళికూతురి తరఫున చేసిన చేతిపనులన్నీ మండపంలో ఒక బల్ల మీద అమర్చి చూపించడం మరాఠీవాళ్ళ ఆచారం. అయితేనేం, నాందేడ్‌లో తరాలుగా ఉన్న తెలుగిళ్ళల్లోనూ ఆ బల్ల లేకుండా పెళ్ళయితే చుట్టాలు నెల రోజులు అదే చెప్పుకుంటారు. చక్కెర పాకంతో పోసిన తులసికోట, కుక్కర్‌లో ఉప్పు పోసి కాల్చిన నాన్‌ఖటాయి బిస్కెట్లతో కట్టిన ఇల్లు. ఇంటి ముందు వక్కల తలలు, పట్టుగుడ్డ ముక్కల బట్టలతో పెళ్ళిజంట. వాళ్ళ మధ్యకు ఇప్పుడు ఈ చిన్నది వచ్చింది, రెండు జడలతో.

"మహిపాల్‌కు ఇది రెండో పెండ్లని మండపంల డప్పు కొట్టాల్నా?" సుశీలాబాయి గొంతు పెంచింది. "మొదటామె పోయి రెండేండ్లాయె. శుభకార్యంల ఏడుపులెందుకని ఆమె తరఫోళ్ళను ఎవ్వల్ని పిలువలేదట. సప్పుడు గాకుంట కానిద్దామంటే నువ్వు బొమ్మను నిలవెడ్తివి!"

"నాలుగేండ్ల పిల్ల. దాస్తే దాగుతదా సుశీలా? పెండ్లిల అందరి ముంగట తిరుగదా?"

"తిరుగది. ఆ రోజు ఉమ్రిల సుట్టాలింట్ల ఉంచుతరట."

నళిని చేతిలోని జిగురు పుల్ల ఆగింది.

"మా నాయిన రెండో పెండ్లి నాడు నన్ను గూడ గట్లనే పక్కింట్ల కూసుండవెట్టిండ్రు," అంది. "బాజా వినవడ్తుండె. చేతిల లడ్డు వెట్టి, తిను బిడ్డా, బయటికి రాకు అన్నరు. ఇన్నేండ్లాయె, ఇప్పటికీ లడ్డు నా గొంతు దిగదు."

అప్పటిదాకా మూలన కూర్చుని తోరణానికి పూసలు గుచ్చుతున్న శ్రద్ధ లేచి వచ్చింది. ఆ చిన్న బొమ్మను తీసుకుని, పెళ్ళికూతురి బొమ్మ కొంగు దాని చేతికి అందేలా దగ్గరగా నిలబెట్టింది.

"అమ్మా, బొమ్మ ఉంటది. ఆ పిల్ల గూడ అస్తది. లేకుంటే నేను పీటల మీద కూసోను."

"అయ్యో! పెండ్లిగాకముందే తల్లివైతివి గదనే!" అని సుశీలాబాయి నెత్తి కొట్టుకుంది. కానీ ఆ కొట్టుకోవడంలో కోపం సగమే.

కుక్కర్ చూసి వస్తానని నళిని వంటింట్లోకి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. ఒక వాయి నాన్‌ఖటాయిలు మాడిన వాసన వచ్చింది. ఆమె చేతిలో మాడడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

తిరిగొచ్చాక శ్రద్ధ, మరాఠీలో పిన్నిని పిలిచినట్టు పిలుస్తూ, ఆమె పక్కనే చేరింది. "కాకూ, నువ్వన్ని చిట్కాలు చెప్తవ్ గదా. పిల్లను ఎట్ల సాకాల్నో గూడ చెప్పు. నాకు బుగులైతుంది."

"బుగులెందుకు? పాలు వడగట్టి ఇయ్యి, మీగడ తేలితే ముట్టది. జడేసేటప్పుడు కొసల కెల్లి దువ్వు, పైకెల్లి గుంజకు. జెరమొస్తే ఒడిల పండవెట్టుకో, మందు దానంతటదే దిగుతది. ఇగ, అమ్మా అని పిలిపిచ్చుకోవాల్నని తొందరవడకు. యాది ఉన్నన్ని దినాలు యాది ఉండనీ. ఎన్నడో ఓనాడు అదే పిలుస్తది."

శ్రద్ధ అవన్నీ ఫోన్‌లో రాసుకుంది. నళిని అగ్గిపుల్ల కొసను కాటుకలో ముంచి, చిన్న బొమ్మను వెల్లకిలా పట్టుకుని, తెల్లటి చింతగింజ పాదం మీద చుక్క పెట్టింది.

సుశీలాబాయికి నవ్వొచ్చింది. "బొమ్మకు గూడ దిష్టిచుక్కనా? పెడ్తే బుగ్గకు పెట్టరాదూ!"

"బుగ్గ మీదిదైతే అందరికి కనవడ్తది. అరికాలిది పెట్టినోళ్ళకు, పెట్టిచ్చుకున్నోళ్ళకే ఎరుక."

"ఏమో తల్లీ. పెండ్లినాడు మాత్రం నువ్వు బల్ల పక్కనే నిలవడాలె."

"నేను రాను సుశీలా. మోకాళ్ళు నొస్తున్నయ్."

"ఇదేందక్కా! రెండేండ్ల సంది పని మానేసి కూసున్నదానివి, శ్రద్ధ పెండ్లి అనంగనే నేను చేస్తనని నువ్వే కబురు వంపితివి. ఇప్పుడు రానంటవేంది?"

"చేసేది చేసిన. గంతే సాలు," అంది నళిని, బొమ్మను దూదిలో చుడుతూ.

పెళ్ళిరోజు హిమాయత్‌నగర్ నుంచి మగపెళ్ళివారి బస్సు వచ్చి ఆగింది. మహిపాల్ వేలు పట్టుకుని రెండు జడల పిల్ల దిగింది. పేరు నవ్య. దిగిందగ్గర్నుంచి బిక్కమొహం వేసుకునే ఉంది.

శ్రద్ధ పిల్లను తనే రుఖవత్ బల్ల దగ్గరికి తీసుకెళ్ళింది. నాన్‌ఖటాయి ఇల్లు చూసి అందరూ అబ్బో అంటున్నారు. నవ్య ఇంటిని చూడలేదు. మునివేళ్ళ మీద లేచి చిన్న బొమ్మను అందుకుంది. మొహమైనా చూడకుండా వెల్లకిలా తిప్పి, పాదాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. బొటనవేలితో ఆ చుక్కను మెల్లగా తడిమింది.

పిల్ల మొహం ఒక్కసారిగా వెలిగింది. బల్ల గుడ్డ ఎత్తి కింద చూసింది. కుర్చీల వెనక చూసింది. మండపమంతా తిరిగి, ఏడుపుమొహంతో శ్రద్ధ దగ్గరికే వచ్చింది.

"ఏమైంది బిడ్డా? ఎవల కోసం ఎతుకుతున్నవ్?" శ్రద్ధ కింద కూర్చుని అడిగింది.

"మా అమ్మమ్మను ఎక్కడ దాచిండ్రు?"