పద్దెనిమిది లైన్లు

బడిసంచులు కుట్టే ఆ దుకాణం ముందు ఆయన మూడుసార్లు అటూ ఇటూ తిరిగాడు. నాలుగోసారి లోపలున్న ఆవిడే పిలిచింది.

"లోపలికి రండి అన్నయ్యా. రోడ్డు అరిగిపోతుంది."

ఇరవై ఆరేళ్ళయినా గుర్తుపట్టింది. ఆయన జిప్పుల కట్ట పక్కకి జరిపి స్టూలు మీద కూర్చున్నాడు. పోయిన నెల రిటైరయ్యాడు. వచ్చి చెప్పేయాలని అప్పటినుంచీ రోజూ అనుకుంటూనే ఉన్నాడు. ఆవిడ క్షమించకపోయినా సరే, చెప్పకుండా మాత్రం పోకూడదు.

ఆ రోజుల్లో ఇద్దరూ ఒక పెద్దాసుపత్రి కంప్యూటర్ గదిలో పనిచేసేవారు. అప్పటికింకా చిన్నపిల్ల అయిన ఆవిడ వార్డుల ప్రోగ్రాం రాసింది. దాన్ని మెషిన్ భాషలోకి మార్చే కంపైలర్ ఆయన రాశాడు. రోగి చేరగానే ఆవిడ ప్రోగ్రాం మెమరీ కుప్పలోంచి ఒక ముక్క తీసుకుని, అతని పేరూ మందులూ అందులో పెట్టేది. రోగి ఇంటికి వెళ్ళగానే ఆ ముక్కని తిరిగి ఇచ్చేసేది. ఇచ్చినదాన్ని అందుకుని కుప్పలో వేసుకునే బాధ్యత కంపైలర్‌ది. అంటే ఆయనది.

ఉన్నట్టుండి ఆ మెషిన్ రోజూ మధ్యాహ్నం మూడింటికల్లా మొరాయించడం మొదలుపెట్టింది. మెమరీ నిండిపోయిందట. ఆపి, మళ్ళీ మొదలుపెడితే గానీ కదిలేది కాదు.

మేనేజరు మీటింగు పెట్టాడు. "తీసుకోవడమే గానీ తిరిగి ఇవ్వడం తెలీదా నీకు?" అని అందరి ముందూ ఆ పిల్లని కడిగేశాడు. ఆ పిల్ల ఒక్కసారి ఆయన వైపు చూసి తల దించుకుంది. ఆయన కిటికీ వైపు చూశాడు. సాయంత్రానికి ఆ పిల్ల ఉద్యోగం ఊడింది.

మర్నాడు ఆయన కంపైలర్ తెరిచి చూశాడు. తిరిగి ఇచ్చిన ముక్కని అందుకునే చోట పేరుంది, మొదలుంది, చివరుంది. మధ్యలో ఏమీ లేదు. తర్వాత రాద్దాంలే అని వదిలేసి ఉంటాడు. ఆయనకిది కొత్తేమీ కాదు. మన ఇంటిపేరు 'తర్వాత' అని మార్చేసుకుందాం అని భార్య దెప్పుతూనే ఉండేది.

సొరుగులో ఆ పిల్ల చేతిరాతతో ఒక కవరు కూడా కనిపించింది. అన్నీ శాపనార్థాలే ఉంటాయనుకున్నాడు. చదివే ధైర్యం లేక, విప్పకుండానే చింపి పారేశాడు.

నిజం చెబితే తన ఉద్యోగం పోతుంది. భార్యకి ఏడో నెల. నోరు మూసుకుని, గంటలో పద్దెనిమిది లైన్లు రాసి అక్కడ పెట్టేశాడు. పక్కపక్కనున్న చిన్న ముక్కల్ని కలిపేసి పెద్దది చేసే చోట తన తెలివికి తనే ముచ్చటపడ్డాడు కూడా.

మెషిన్ మళ్ళీ ఆగలేదు. "చూశావా, ఆ పిల్ల పోయింది, పీడా పోయింది" అన్నాడు మేనేజరు. ఆయనకి ప్రమోషన్ వచ్చింది. ఆ ప్రోగ్రాం పదకొండేళ్ళు నడిచింది. మరో మూడు ఆసుపత్రులు అడిగి మరీ పట్టుకెళ్ళాయి. అప్పుడప్పుడూ మందులు తారుమారయ్యాయని వార్డుల్లో గొడవలయ్యేవి గానీ, అవి నర్సుల మీదికి పోయేవి.

ఆ మచ్చతో ఆ పిల్లని ఇంకే కంప్యూటర్ గదిలోకీ రానివ్వలేదని, కుట్టుమిషను ముందు కూర్చుందని తర్వాత తెలిసింది. కూతురి పుట్టినరోజు వచ్చినప్పుడల్లా ఆ పిల్ల తల దించుకోవడమే కళ్ళముందు మెదిలేది.

ఇప్పుడు ఆవిడ సుద్దముక్కతో గుడ్డ మీద గీతలు గీస్తోంది. ఆయన తల ఎత్తకుండానే చెప్పాడు.

"ఆ తప్పు నీది కాదమ్మా. నువ్వు ఇచ్చినవన్నీ సరిగ్గానే ఇచ్చావు. అందుకునే చోట నేనే ఏమీ రాయకుండా వదిలేశాను. తెలిసీ నోరు విప్పలేదు. నీ పొట్ట కొట్టాను."

ఆవిడ సుద్దముక్క పక్కన పెట్టి ఫక్కున నవ్వింది.

"ఇన్నేళ్ళూ ఇదా మోస్తున్నారు? మీరు వదిలేయలేదు అన్నయ్యా. రాశారు. పద్దెనిమిది లైన్లు. తీసేసింది నేను."

ఆయనకి ఒళ్ళంతా తేలికైపోయింది. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి ఊపిరి నిండుగా పీల్చుకున్నాడు.

"ఎందుకమ్మా?"

"మీరు సెలవులో ఉన్న వారం, ఆరో మంచం ఆయన ఇంటికి వెళ్ళాడు. ఆయన ముక్క అందుకుంటూ పక్క ముక్కని కూడా కలిపేసుకుంది మీ కంపైలర్. అందులో మనిషున్నాడా లేదా అని చూడదది. ఆ పక్క ముక్క ఏడో మంచం ఆయనది, ఆయనింకా మంచం మీదే ఉన్నాడు. కొత్తగా చేరినావిడ మందులొచ్చి ఆయన పేరు కింద కూర్చున్నాయి. సూది గుచ్చబోతూ నర్సు అనుమానపడింది కాబట్టి సరిపోయింది."

"మరి మీటింగులో చెప్పలేదేమ్మా?"

"రోజుకోసారి ఆగితే ఎవరూ చచ్చిపోరు కదా అని మొత్తం తీసేశాను. మీటింగులో చెబితే మీ మెడకి చుట్టుకునేది. వదిన చూస్తే ఆ స్థితిలో ఉంది. నాదేముంది, ఒంటిదాన్ని, ఎక్కడైనా బతుకుతాననుకున్నాను."

ఆవిడ మంచినీళ్ళ గ్లాసు ఆయన చేతికిచ్చింది.

"అందుకే కదన్నయ్యా, అక్కడ మళ్ళీ ఒక్క లైను కూడా రాయొద్దని ఆ కవరులో రాసి పెట్టాను."